తెలుగు హిప్ హాప్

తెలుగు హిప్ హాప్ అనగా తెలుగు భాషలో గాని, తెలుగువారి చేత గాని రూపొందిన హిప్ హాప్ సంగీతం, దానితో ముడిపడిన నృత్య, వేష, భాషా సంస్కృతి. అమెరికా దేశంలోని న్యూయార్క్ నగరంలో 1970వ దశకంలో పుట్టిన హిప్ హాప్, తెలుగునాటికి మొదట నృత్యంగాను, తరువాత సినిమా పాటగాను, చివరికి యువకులు స్వయంగా రాసి పాడుకునే ర్యాప్ గాను చేరింది. అమెరికాలో ఇది వీధిలో పుట్టి వెండితెరకు ఎక్కగా, తెలుగుదేశంలో వెండితెరపై మొదలై వీధికి దిగడం గమనించదగిన విశేషం. ఈ వ్యాసంలో హిప్ హాప్ పుట్టుక, అది తెలుగు యువ శ్రోతలకు చేరిన మార్గాలు, తెలుగు ఛందస్సుతో దానికి గల పోలికలు, పామూరు, మార్కాపురం, గిద్దలూరు వంటి పశ్చిమ ప్రకాశం ప్రాంతాల భాషకు అందులో గల అవకాశం వివరించబడినవి.

పేరు, అంగాలు

హిప్ హాప్, ర్యాప్ అనే రెండు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడుతారు. నిజానికి ర్యాప్ అనేది హిప్ హాప్ లో ఒక భాగం మాత్రమే. హిప్ హాప్ సంస్కృతికి సంప్రదాయంగా నాలుగు అంగాలు చెబుతారు.

* డీజేయింగ్: రెండు గ్రామఫోను పళ్ళేలపై రికార్డులను తిప్పుతూ, వెనుకకు ముందుకు జరుపుతూ కొత్త సంగీతం పుట్టించడం.
* ఎంసీయింగ్ లేక ర్యాప్: లయకు అనుగుణంగా, ప్రాసలతో మాటలను వేగంగా పలకడం.
* బ్రేకింగ్: నేలపై చేతులు, వీపు, తల ఆనించి గిరగిరా తిరిగే విన్యాసాలతో కూడిన నృత్యం. దీనినే మనవారు బ్రేక్ డాన్స్ అంటారు.
* గ్రాఫిటీ: గోడలపై, రైలు పెట్టెలపై రంగులతో పేర్లు, బొమ్మలు వేయడం.

ఆఫ్రికా బంబాటా స్థాపించిన జులు నేషన్ అనే సంఘం ఈ నాలుగింటికి జ్ఞానం అనే ఐదవ అంగాన్ని చేర్చింది. తాను ఎవరో, తన వాడ ఎందుకు అలా ఉన్నదో తెలుసుకోవడమే ఇక్కడ జ్ఞానమని భావం.

పుట్టుక

న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం హిప్ హాప్ జన్మస్థలం. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆ ప్రాంతం మధ్యగా ఒక పెద్ద రహదారిని నిర్మించడంతో వేలాది కుటుంబాలు ఇళ్ళు కోల్పోయినవి. కర్మాగారాలు తరలిపోయి ఉపాధి తగ్గింది. 1970వ దశకంలో ఇళ్ళు తగులబడటం నిత్యకృత్యమైంది. నల్లజాతి, ప్యూర్టోరికో, కరీబియన్ కుటుంబాల పిల్లలకు ఖర్చులేని వినోదం అవసరమైన కాలమది.

జమైకా నుండి బాల్యంలో వలస వచ్చిన క్లైవ్ క్యాంప్‌బెల్ అనే 18 ఏళ్ళ యువకుడు 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలోని వినోదశాలలో, తన చెల్లెలు ఏర్పాటు చేసిన వేడుకలో రికార్డులు వేశాడు. ఆయనే డీజే కూల్ హర్క్. పాటలో గాయకుడు ఆగి, డ్రమ్ములు మాత్రమే మ్రోగే చిన్న భాగం వచ్చినప్పుడు జనం ఎక్కువ ఉత్సాహంగా ఆడుతున్నారని ఆయన గమనించాడు. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని పెట్టి, ఒకదానిలో ఆ భాగం ముగియగానే రెండవదానిలో అదే భాగాన్ని మొదలుపెట్టి, కొద్ది సెకన్ల వాయిద్యాన్ని నిమిషాల తరబడి సాగదీశాడు. ఆ భాగాన్ని బ్రేక్ అంటారు. బ్రేక్ డాన్స్ అనే పేరు దీని నుండే వచ్చింది. ఆ రోజునే హిప్ హాప్ పుట్టిన రోజుగా పాటిస్తారు. 2023లో దాని 50వ వార్షికోత్సవం జరిగింది.

జమైకాలో పెద్ద పెద్ద స్పీకర్లను బండ్లపై తీసుకువెళ్ళి వీధులలో పాటలు వేసే ఆచారం ఉండేది. మన గ్రామాలలో పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు కట్టే మైకు సెట్టును తలచుకుంటే ఈ పద్ధతి తెలుగు పాఠకులకు సులభంగా అర్థమవుతుంది. రికార్డు వేసేవాడు నడుమ నడుమ మైకులో నాలుగు మాటలు చెప్పి జనాన్ని ఉత్సాహపరచడమే క్రమంగా ర్యాప్ గా ఎదిగింది.

1979లో షుగర్ హిల్ గ్యాంగ్ విడుదల చేసిన రికార్డుతో ర్యాప్ అమెరికా అంతటా వినిపించింది. 1982లో గ్రాండ్ మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ బృందం వెలువరించిన "ద మెసేజ్" పాటతో, ర్యాప్ వినోదం కొరకే కాక పేదవాడల దుస్థితిని చెప్పడానికి కూడా పనికివస్తుందని రుజువైంది. 1980ల చివర పబ్లిక్ ఎనిమీ, ఎన్.డబ్ల్యూ.ఎ. బృందాలు వర్ణవివక్షను, పోలీసుల తీరును ప్రశ్నించినవి. 2018లో కెండ్రిక్ లమార్ రచించిన "డ్యామ్" అనే ఆల్బమ్ కు పులిట్జర్ బహుమతి లభించింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాలకు వెలుపలి రచనకు ఆ బహుమతి రావడం అదే ప్రథమం. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో బ్రేకింగ్ ను పోటీ అంశంగా చేర్చారు.

తెలుగునాట ప్రవేశం

తెలుగు యువ శ్రోతలు హిప్ హాప్ ను మూడు దశలలో కనుగొన్నారని చెప్పవచ్చును.

మొదటి దశ: పేరు తెలియని నృత్యం

1987లో విడుదలైన "పసివాడి ప్రాణం" చిత్రంలో చిరంజీవి చేసిన బ్రేక్ డాన్స్ పాట తెలుగునాట ఆ నృత్యానికి విశేష ప్రచారం కలిగించింది. ఆ పిమ్మట పాఠశాలల వార్షికోత్సవాలలో, వినాయక చవితి పందిళ్ళలో, రికార్డింగ్ డాన్స్ వేదికలపై బ్రేక్ డాన్స్ ఒక ప్రత్యేక అంశంగా స్థిరపడింది. దానిని నేర్చిన పిల్లలలో అత్యధికులకు బ్రాంక్స్ పేరు గాని, హిప్ హాప్ అనే మాట గాని తెలియదు. సంస్కృతి ముందుగా శరీరానికి పట్టుబడి, పేరు తరువాత తెలిసిన సందర్భమిది.

రెండవ దశ: సినిమా పాట

భారతదేశంలో ర్యాప్ ను ప్రచారం చేసిన తొలి గాయకులలో బాబా సెహగల్ ముఖ్యుడు. ఆయన హిందీ ఆల్బమ్ "ఠండా ఠండా పానీ" 1992లో వెలువడింది. 1994లో శంకర్ దర్శకత్వంలో వచ్చిన తమిళ చిత్రం "కాదలన్" తెలుగులో "ప్రేమికుడు" పేరుతో అనువాదమైంది. ఎ.ఆర్.రెహమాన్ సంగీతంలో అందులోని పేట ర్యాప్ పాట మద్రాసు వీధుల వాడుక భాషను ర్యాప్ లయలో పలికించింది. ప్రభుదేవా నృత్యంతో కలిసి ఆ పాటల క్యాసెట్లు తెలుగు జిల్లాలలో విస్తృతంగా వ్యాపించినవి. వాడలో మాట్లాడే మాట పాటకు పనికివస్తుందని అనేకమంది శ్రోతలకు తెలిపిన తొలి పాటలలో దీనిని పేర్కొనవచ్చును.

తరువాతి కాలంలో దేవి శ్రీ ప్రసాద్ సంగీతం అందించిన "జల్సా" (2008), "గబ్బర్ సింగ్" (2012) చిత్రాలలో బాబా సెహగల్ తెలుగు పాటలు పాడాడు. ఈ దశలో ర్యాప్ ఎక్కువగా కథానాయకుని పరిచయ గీతానికి అలంకారంగా ఉండేది. పాటలోని నేను కథానాయకుడే తప్ప పాడేవాడు కాదు. 2016లో విడుదలైన "ధృవ" చిత్రానికి హిప్ హాప్ తమిళా అనే జంట సంగీతం సమకూర్చడంతో, హిప్ హాప్ అనే మాట ఒక పెద్ద తెలుగు చిత్రపు టైటిళ్ళలో సంగీత దర్శకుల పేరుగా కనిపించింది.

మూడవ దశ: చేతిలోని ఫోను

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత మొబైల్ డేటా ధరలు బాగా పడిపోయినవి. అంతకు ముందు నగర విద్యార్థులకు, ఉపగ్రహ టీవీ ఉన్న ఇళ్ళకు పరిమితమైన విదేశీ ర్యాప్ చిన్న పట్టణాలకు, గ్రామాలకు చేరింది. ముంబై యువకులు డివైన్, నేజీ కలిసి చేసిన "మేరే గల్లీ మే" పాట 2015లోను, వారి జీవితాల స్ఫూర్తితో జోయా అఖ్తర్ తీసిన "గల్లీ బాయ్" చిత్రం 2019లోను వచ్చినవి. ఒక ఇరుకు గదిలో, తక్కువ ఖర్చుతో, తన భాషలో పాట చేయవచ్చునని ఇవి యువకులకు నమ్మకం కలిగించినవి. యూట్యూబులో ఉచితంగా దొరికే బీట్ ను పెట్టుకుని, ఫోనులోనే గొంతు రికార్డు చేయడం సాధ్యమైనది.

సినిమా పాటకు గాయకుడు, కవి, సంగీత దర్శకుడు, నిర్మాత కావాలి. పాశ్చాత్య వాద్యం నేర్వడానికి గురువు, రుసుము కావాలి. ర్యాప్ కు మాట, లయజ్ఞానం, ఒక ఫోను చాలు. హైదరాబాదు సినిమా పరిశ్రమలో పరిచయాలు లేని చిన్న పట్టణపు యువకునికి ఈ తేడా చాలా పెద్దది.

తెలుగు ర్యాపర్లు

హైదరాబాదుకు చెందిన రోల్ రైడా గాలిపటాల వేడుక మీద చేసిన "పతంగ్" వంటి పాటలతో గుర్తింపు పొందాడు. ఆయన 2018లో ప్రసారమైన బిగ్ బాస్ తెలుగు రెండవ సీజన్ లో పాల్గొన్నాడు. నటుడు, ర్యాపర్ నోయెల్ షాన్ 2020లో నాలుగవ సీజన్ లో పాల్గొన్నాడు. హైదరాబాదులోనే దక్కనీ ఉర్దూలో ర్యాప్ చేసేవారు వేరుగా ఉన్నారు. 2010ల చివర రుహాన్ అర్షద్ పాడిన "మియా భాయ్" ఆ కోవలో ఎక్కువ ప్రచారం పొందినది.

పొరుగు భాషలలో హిప్ హాప్ సామాజిక ప్రశ్నలను బలంగా ఎత్తుకున్నది. తమిళంలో 2017లో దర్శకుడు పా. రంజిత్ చొరవతో ఏర్పడిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ బృందం కులవివక్షపై పాటలు చేసింది. ఆ బృందంలోని అరివు, గాయని ఢీ కలిసి పాడిన "ఎంజాయ్ ఎంజామి" 2021లో వెలువడి, భూమిలేని శ్రామికుల కథను దేశమంతా వినిపించింది. ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతానికి చెందిన సుమీత్ సామోస్ దళిత జీవితంపై ర్యాప్ చేశాడు. తెలుగులో ఇట్టి ప్రశ్నలను గద్దర్, వంగపండు ప్రసాదరావు, గోరటి వెంకన్న వంటివారి జానపద బాణీలు చిరకాలంగా మోస్తూ వచ్చినవి. తెలుగు ర్యాప్ లో వినోదపు పాలు ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం కావచ్చును.

ప్రవాసాంధ్రులు

అమెరికాలోని కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన శ్వేత యల్లాప్రగడ రావు, రాజకుమారి అనే పేరుతో ర్యాపర్ గా, గీత రచయిత్రిగా ప్రసిద్ధి పొందింది. ఆమె బాల్యంలో కూచిపూడి మొదలైన శాస్త్రీయ నృత్యాలు అభ్యసించింది. నృత్యంలోని జతులను పలికే తీరు ఆమె ర్యాప్ లో స్పష్టంగా వినవస్తుంది. ఫాల్ అవుట్ బాయ్ బృందం 2014లో విడుదల చేసిన "సెంచరీస్" పాట రచయితలలో ఆమె ఒకరు. 2017లో డివైన్ తో కలిసి "సిటీ స్లమ్స్" పాడింది. 2019లో ఎమ్‌టీవీ హసల్ పోటీకి న్యాయనిర్ణేతలలో ఒకరుగా వ్యవహరించింది. కూచిపూడి జతి, ర్యాప్ రెండూ నోటితో పలికే లయలే. అందుచేత ఆమె చేసినది అతుకుల కలయికగా కాక సహజంగా తోస్తుంది.

తెలుగు ఛందస్సుతో పోలిక

ర్యాప్ కు సాధారణంగా ఒక్కొక్క బార్ లో నాలుగు దెబ్బలుంటాయి. ఒక్కొక్క దెబ్బను నాలుగు భాగాలు చేస్తే బార్ కు 16 భాగాలు వస్తాయి. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఒక బార్ సుమారు 2.7 సెకన్లు ఉంటుంది. తెలుగు ఛందస్సులో మధురగతి రగడ పాదానికి నాలుగు చతుర్మాత్రా గణాలు, అనగా 16 మాత్రలు. రగడలలో రెండేసి పాదాలకు అంత్యప్రాస నియమం కూడా ఉన్నది. ర్యాప్ లోని జంట పంక్తుల ప్రాసకు తెలుగు పద్యరూపాలలో మిక్కిలి దగ్గరైనది రగడయే. ఇది పోలిక మాత్రమే. ఒకదాని నుండి మరొకటి పుట్టినదని దీని అర్థం కాదు.

రెండు భాషల నడుమ ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. ఆంగ్లంలో లయ ఊనికపై ఆధారపడుతుంది. తెలుగులో గురు లఘువుల కాలపరిమాణంపై ఆధారపడుతుంది. ఆంగ్ల ర్యాప్ బాణీని యథాతథంగా అనుకరిస్తూ తెలుగు మాటలు కూర్చితే, దీర్ఘాలు కురచలై, హ్రస్వాలు సాగి, మాట తెలుగులా వినిపించదు. తొలినాటి ప్రయత్నాలలో ఈ లోపం తరచు కనిపిస్తుంది. మాటలోని సహజమైన గురు లఘువులను బీట్ పై నిలిపినప్పుడే తెలుగు ర్యాప్ చెవికి ఇంపుగా ఉంటుంది.

తెలుగు అజంత భాష. క్రియలకు ఒకే రకమైన ప్రత్యయాలు చేరుతాయి కనుక అంత్యప్రాస చాలా సులభం. "వచ్చింది", "పోయింది" అనే మాటలు చివర కలిసినా, ఆ కలయిక ప్రత్యయానిదే గాని కవిది కాదు. "మబ్బు", "డబ్బు", "జబ్బు" అన్నప్పుడు ప్రాతిపదికలే కలుస్తాయి, మూడు వేర్వేరు భావాలు ఎదురెదురుగా నిలుస్తాయి. వానలు లేని ఊరిలో ఈ మూడు మాటలకు గల సంబంధం వేరే చెప్పనక్కరలేదు. మంచి ర్యాపర్ ను సామాన్య ర్యాపర్ నుండి వేరు చేసే గుణాలలో ఇది ఒకటి. పద్యానికి రెండవ అక్షరం ప్రాసగా ఉండాలనే మన నియమం, యతి మైత్రి తెలిసినవారికి ర్యాప్ రచనలో అవి అదనపు బలాన్నిస్తాయి.

ప్రదర్శన పద్ధతిలోను కొన్ని పోలికలున్నవి. బుర్రకథలో కథకుడు తంబురా, అందెలతో కథ నడుపుతుండగా ఇరువైపుల గుమ్మెటలు వాయించేవారు వంత పలుకుతారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతారు. ర్యాపర్ పక్కన నిలిచి పంక్తి చివరి మాటను అందుకునే సహాయకునికి ఈ వంతలు గుర్తుకు వస్తారు. షేక్ నాజర్ (1920–1997) బుర్రకథను సమకాలీన సమస్యలకు వేదిక చేశాడు. ఇద్దరు ర్యాపర్లు అప్పటికప్పుడు మాటలల్లి ఒకరినొకరు ఎదుర్కొనే ర్యాప్ బ్యాటిల్ ను చూసినప్పుడు, 20వ శతాబ్ది ఆరంభంలో తిరుపతి వేంకట కవులకు, కొప్పరపు సోదర కవులకు నడుమ సాగిన ఆశుకవితా స్పర్ధలు స్ఫురిస్తాయి.

పశ్చిమ ప్రకాశం మాండలికం

తాను ఎక్కడివాడో చెప్పుకోవడం హిప్ హాప్ కు ప్రాణం. ర్యాపర్ తన వీధి పేరు, తన ఊరి పేరు పాటలో పలుకుతాడు. ఈ దృష్టితో పామూరు ప్రాంతపు భాష పరిశీలించదగినది.

1970 ఫిబ్రవరి 2న ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుండి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి, ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు గుంటూరు జిల్లా నుండి వచ్చినవి. కనిగిరి ప్రాంతానికి చెందిన పామూరు భాషలో నెల్లూరు యాస, గిద్దలూరు భాషలో రాయలసీమ యాస వినిపిస్తాయి. "యాడ", "ఎట్టా", "అట్టా" వంటి రూపాలు ఇక్కడ నిత్య వ్యవహారంలో ఉన్నవి. ఇది వర్షాధారపు మెట్ట ప్రాంతం. నీటి ఎద్దడి, కనిగిరి పరిసరాలలో ఫ్లోరైడ్ సమస్య, పనుల కొరకు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలకు వలస, మార్కాపురం పలకల పరిశ్రమ ఇక్కడి జీవితంలో భాగాలు.

సినిమాలలో ఒకప్పుడు కోస్తా భాష కథానాయకునికి, ఇతర మాండలికాలు హాస్యగానికి, ప్రతినాయకునికి దక్కేవి. తెలుగు ర్యాప్ కు హైదరాబాదు కేంద్రమైనందున అందులో హైదరాబాదు, తెలంగాణ వ్యవహారం ప్రధానంగా వినవస్తుంది. అది తెలంగాణ మాండలికానికి గౌరవం తెచ్చిన మాట నిజం. అయితే పామూరు విద్యార్థి ర్యాప్ రాయబూనినప్పుడు, పాఠ్యపుస్తకపు భాషలో రాస్తే కృతకంగా ఉంటుంది, హైదరాబాదు యాసలో రాస్తే అరువు గొంతు అవుతుంది. న్యూయార్క్ నుండి లాస్ ఏంజిల్స్ కు, అట్లాంటాకు హిప్ హాప్ వ్యాపించినప్పుడు ఆయా నగరాల యువకులు తమ ఉచ్చారణనే నిలుపుకున్నారు. తొలుత వారిని ఎగతాళి చేసినవారే తరువాత ఆదరించారు. తన ఇంటి మాట పాటకు తగదనే సంకోచం వదలడమే పశ్చిమ ప్రకాశం యువ రచయితకు హిప్ హాప్ నేర్పగల ప్రధాన పాఠం.

ఈ ప్రాంతంలో డప్పు, కోలాటం, చెక్క భజన సజీవంగా ఉన్నవి. చెక్క భజనలో అడుగు, తాళం, పాట మూడింటిని ఒకేసారి నడిపే నైపుణ్యం ఉన్నది. యంత్రంపై చేసిన బీట్ లకు బదులుగా ఈ వాద్యాల శబ్దాలను రికార్డు చేసి వాడుకునే అవకాశం ఉన్నది.

శాంప్లింగ్, రచనా హక్కులు

పాత రికార్డులోని చిన్న భాగాన్ని తీసుకుని కొత్త పాటకు పునాదిగా వాడటాన్ని శాంప్లింగ్ అంటారు. భారతీయ సంగీతం కూడా ఈ విధంగా అమెరికా చేరింది. ఇళయరాజా స్వరపరచిన ఒక తమిళ పాటలోని భాగాన్ని బ్లాక్ ఐడ్ పీస్ బృందం 2003లో వాడుకున్నది. లతా మంగేష్కర్ పాడిన "జ్యోతి" చిత్రంలోని పాటను 2002లో ట్రూత్ హర్ట్స్ గీతంలో అనుమతి లేకుండా వాడినందుకు అమెరికా న్యాయస్థానంలో వివాదం నడిచింది.

దీనికి మరొక కోణం ఉన్నది. 1969లో ద విన్‌స్టన్స్ బృందపు రికార్డులో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన కొద్ది సెకన్ల డ్రమ్ము వేలాది పాటలలో వినియోగమైంది. ఆయన దాని వలన ప్రతిఫలమేమీ పొందక 2006లో పేదరికంలోనే మరణించాడు. జానపద కళాకారుల వాద్యాన్ని, గొంతును ఫోనులో రికార్డు చేసి వాడుకునే యువకులు వారి పేరు చెప్పడం, ప్రతిఫలం ఇవ్వడం ఎందుకు అవసరమో ఈ ఉదంతం తెలుపుతుంది.

విమర్శలు

హిప్ హాప్ పై ప్రధాన విమర్శలు మూడు: బూతు మాటలు, స్త్రీలను కించపరచడం, హింసను, ధనాన్ని పొగడటం. వీటిలో నిజం ఉన్నది. 1996లో టూపాక్ షకూర్, 1997లో నొటోరియస్ బి.ఐ.జి. కాల్పులలో మరణించినప్పుడు అమెరికాలోను ఈ చర్చ తీవ్రంగా సాగింది. మరొకవైపు క్వీన్ లతీఫా, లారిన్ హిల్ వంటి స్త్రీలు అదే సంగీతంలో అవమానాలకు జవాబు చెప్పారు. లారిన్ హిల్ ఆల్బమ్ కు 1999లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ గా గ్రామీ పురస్కారం లభించింది.

పిల్లలు ర్యాప్ వింటున్నారని ఆందోళన చెందే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఆ పాటలలో ఏమున్నదో ఒకసారి విని, పిల్లలతో మాట్లాడటం నిషేధించడం కంటె ప్రయోజనకరం. పద్యం కంఠస్థం చేయడానికి విసుగు చెందే విద్యార్థి, తనకు తెలియని ఆంగ్ల యాసలో వందల పంక్తులను తప్పు లేకుండా అప్పజెప్పడం కద్దు. లయ, ప్రాస ఉన్న మాట జ్ఞాపకానికి సులభంగా పట్టుబడుతుందనే పాత సత్యమే ఇందుకు కారణం. యతి ప్రాసల పాఠాన్ని ఈ ఆసక్తితో జోడించడం కష్టం కాదు.

కొన్ని పారిభాషిక పదాలు

* బీట్: ర్యాప్ వెనుక మ్రోగే వాద్య సంగీతం.
* బార్: నాలుగు దెబ్బల ఆవర్తం. స్థూలంగా ఒక పాదం.
* ఫ్లో: బీట్ పై మాటలు నడిచే తీరు. మన పరిభాషలో గతి, నడక.
* హుక్: మరల మరల వచ్చే పల్లవి.
* ఫ్రీస్టైల్: అప్పటికప్పుడు అల్లి చెప్పడం. ఆశువు.
* స్క్రాచ్: తిరిగే రికార్డును చేతితో ముందుకు వెనుకకు కదిపి పుట్టించే శబ్దం.
* సైఫర్: వలయంగా నిలబడి ఒకరి తరువాత ఒకరు ర్యాప్ చేయడం లేక నృత్యం చేయడం.

ఇవి కూడా చూడండి

* బుర్రకథ
* రగడ
* అవధానం
* చెక్క భజన
* కూచిపూడి నృత్యం
* పామూరు